మూడు వందల పన్నెండు గ్రాములు

శనివారం పొద్దున్నే వాచీలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లేవకముందే సైకిలు చక్రాలు రెండూ ఊడదీయాలి, తూచాలి, రాసుకోవాలి, మళ్ళీ బిగించాలి, ఆపైన ఏమీ ఎరగనట్టు పొయ్యి మీద టీ పెట్టాలి. పది రోజులుగా ఇదే పని కాబట్టి చెయ్యి బాగా తిరిగిపోయింది. ఇందులో తప్పు జరగడానికి సందే లేదని ఆయన నమ్మకం. వాచీలు బాగుచేసేవాళ్ళకు ఇలాంటి నమ్మకాలు కాస్త ఎక్కువగానే ఉంటాయి.

కాటా ఆయనది కాదు, భార్యది. ఆవిడ ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లల్ని తూచి, ఎవరు ఎంత పెరిగారో రిజిస్టరులో రాయడం ఆవిడ పని. పదిహేనేళ్ళుగా ఆ రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. కాటాకు పైన లోతైన తొట్టి ఉంటుంది. అందులో బిడ్డను పడుకోబెడితే కింద అంకె కనిపిస్తుంది. వాచీలాయన ఆ తొట్టి మీద మెత్తటి తువ్వాలు పరిచి, ముందు చక్రాన్ని రెండు చేతులా ఎత్తి, మెడ కింద చెయ్యి ఆనించాల్సిన బిడ్డే అన్నంత జాగ్రత్తగా దాని మీద పడుకోబెట్టాడు. అంకె స్థిరపడేదాకా ఊపిరి బిగబట్టాడు.

పద్నాలుగు వందల అరవై ఎనిమిది.

రెండో దాన్ని కూడా తూచి, కాటా పక్కనే ఉన్న పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాడు. పది రోజులుగా అక్కడే రాస్తున్నాడు. చివరి పేజీ ఎవరికీ పనికిరాదన్నది ఆయన లెక్క. ఆ పుస్తకమే రిజిస్టరన్న సంగతి ఆయనకు తెలియక కాదు, పట్టలేదు. తలలో చక్రాలు తప్ప మరొకటి తిరగని రోజులవి.

ఇంతటి పట్టుదలకు కారణం ఒక గోడగడియారం. కీ ఇచ్చి తిప్పే, గంటలు కొట్టే పాతకాలపు గడియారం, మామగారిది. మామగారు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ గడియారం ఆగిపోతే బాగుచెయ్యడానికే వాచీలాయన మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. అప్పుడు పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకున్న అమ్మాయే ఇప్పుడు నర్సమ్మ. రిపేరు గంటలో అయిపోయేది. ఆయన నాలుగు రోజులు చేశాడు.

రెండేళ్ళ కిందట మామగారు చిన్న ఇంట్లోకి మారుతూ, ఆ గడియారానికి సరిపడే గోడ అక్కడ లేదన్నారు. కొడుకు నాదన్నాడు, అల్లుడు నాదన్నాడు. కొడుకంటే వాచీలాయనకు బావమరిది, ఊళ్ళో బేకరీ నడుపుతాడు, మనిషి తొంభై కిలోలు. ఇద్దరికీ సైకిలు పిచ్చి ఉంది కాబట్టి మామగారు పంచాయతీ పెట్టకుండా పందెం పెట్టారు. ఏటా ఒక ఆదివారం బస్టాండు దగ్గర బయలుదేరి కొండ మీది నీళ్ళ ట్యాంకు దాకా నాలుగు కిలోమీటర్లు తొక్కాలి. గెలిచినవాడి గోడకు ఏడాదిపాటు గడియారం. రెండోవాడు ఆ ఏడాదంతా దాని మీద చెయ్యి వెయ్యకూడదు. మరుసటి ఏడు దాన్ని తన సైకిలుకు కట్టుకుని కొండకు తేవలసిన బాధ్యత కూడా గెలిచినవాడిదే. నిలబెట్టుకోవాలనుకున్నవాడు మోసుకురావాలని ఆయన నోటుపుస్తకంలో రాసి కింద సంతకం పెట్టారు.

మొదటి ఏడు వాచీలాయన గెలిచాడు. రెండో ఏడు నాలుగున్నర కిలోల గడియారాన్ని క్యారేజీకి కట్టుకుని తొక్కి, పదకొండు సెకన్ల తేడాతో ఓడిపోయాడు. గడియారం బరువే కొంప ముంచిందని అందరూ అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఊరికే కూర్చునే బరువు వేరు, తిరిగే బరువు వేరు అన్నాడు. చేతివాచీలో అటూ ఇటూ తిరిగే చిన్న చక్రం ఒకటుంటుంది. దాని అంచుకు నలుసంత మురికి అంటుకుంటే రోజుకు నిమిషాలు తేడా వస్తాయి. ఇరవై ఏళ్ళుగా కంటికి భూతద్దం పెట్టుకుని ఆయన చూస్తున్నది అదే. కనుక తప్పు చక్రాలదేనని తేల్చాడు. నిజం చెప్పాలంటే ఆ గడియారాన్ని తప్పుపట్టడానికి ఆయనకు మనసు రాలేదు.

బావమరిది దాన్ని తీసుకెళ్ళి బేకరీలో, పిండి పిసికే బల్లకు సరిగ్గా పైన తగిలించాడు. రోజూ లేచే పిండి దుమ్మంతా దాని పళ్ళచక్రాల్లోకి పోతోంది. రోజూ పొద్దున్నే ముల్లు సరిదిద్దినా మర్నాటికి ఏడు నిమిషాలు వెనకబడుతోంది. వాచీలాయన దుకాణానికి వెళ్ళే దారి అదే. రోజూ బేకరీ ముందు ఒక్క క్షణం ఆగి, చేతివాచీ చూసుకుని, ఆ గడియారం చూసి ముందుకు వెళ్ళేవాడు. తుడవనివ్వమని ఒకసారి నోరు తెరిచి అడిగాడు. గెలిచి తుడుచుకోమన్నాడు బావమరిది, బన్ను ఒకటి చేతిలో పెట్టి.

అందుకని పది రోజులుగా చక్రాల మీద పడ్డాడు. రాత్రిపూట మెరిసే బిళ్ళలు పీకేశాడు. గాలి పోకుండా పెట్టే బుల్లి మూతలు తీసేశాడు. ట్యూబులు మార్చి పలచనివి వేశాడు. రిమ్ము మీది స్టిక్కర్లను బ్లేడుతో గీకి, ఆ జిగురును స్పిరిటుతో తుడిచాడు. చివరికి రిమ్ము లోపల, స్పోకుల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా చుట్టే రబ్బరు పట్టీ మీద కన్నుపడింది. దాన్ని లాగేసి, వాచీ డబ్బాలకు అంటించే పలచటి టేపు చుట్టాడు. అక్కడే ఇరవై ఆరు గ్రాములు కలిసొచ్చాయి. మొత్తం మీద మూడు వందల పన్నెండు గ్రాములు. పంపును, పనిముట్ల సంచిని కూడా ఇంట్లోనే వదిలేయాలని నిశ్చయించుకున్నాడు. అవి తిరిగేవి కాకపోయినా, ఎందుకైనా మంచిదని.

టీ మరిగేసరికి నర్సమ్మ లేచింది. శనివారం రిజిస్టర్లు కేంద్రంలో అప్పగించే రోజు. ఆవిడ టీ తాగి, కాటాను, రిజిస్టరును సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వాచీలాయన గుమ్మంలో నిలబడి నవ్వుతూ సాగనంపాడు.

ఆరోగ్య కేంద్రానికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. ఏ కాగితమైనా చివరిదాకా చదివే మనిషి. నర్సమ్మ అప్పగించిన రిజిస్టరు తెరిచి, ముచ్చటపడుతూ పేజీలు తిప్పుకుంటూ చివరి పేజీకి వచ్చి ఆగిపోయింది. అక్కడ వేరే చేతిరాత ఉంది. మొదటిది పదహారు వందల పన్నెండు, రెండవది పంతొమ్మిది వందల ఎనభై ఐదు. పేర్లు లేవు, ఇంటి నంబరు లేదు. రోజూ తూచారు. రోజూ తగ్గుతున్నాయి. పక్కన చిన్న అక్షరాలతో ఎవరో రాసుకున్నారు: ‘ఇంకా ముప్పై తగ్గాలి. ఆదివారం ఆరింటికి రెండింటినీ కొండ ఎక్కించాలి.’

డాక్టరమ్మ గుండెల్లో రాయి పడింది. వెంటనే నర్సమ్మకు ఫోను చేసి, మీ వీధుల్లో కవలలు ఎవరి ఇంట్లో ఉన్నారని అడిగింది. ఈ నెల కవలలే లేరంది నర్సమ్మ. రోజురోజుకీ బరువు తగ్గుతున్న కవలలు, సరిగా చూసుకోండి అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి ఫోను పెట్టేసింది. నర్సమ్మ ఏదో దాస్తోందని డాక్టరమ్మకు అనుమానం. తాను ఏదో ఇల్లు వదిలేశానని నర్సమ్మకు భయం. పదిహేనేళ్ళలో ఒక్క బిడ్డను వదలని మనిషి ఆ సాయంత్రం కాళ్ళకు బలపం కట్టుకుని ప్రతి తలుపూ తట్టింది. తమ్ముణ్ణి కూడా ఒక వీధికి పంపింది. పిండిచేతులతోనే వెళ్ళాడతను.

చీకటి పడ్డాక ఇంటికొచ్చి, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని ఆవిడ మొగుడితో చెప్పింది.

"ఎవరింట్లో ఉన్నారో ఏమో అండీ. రోజురోజుకీ తగ్గిపోతున్నారట. తలుచుకుంటేనే అన్నం దిగట్లేదు."

"అయ్యో పాపం" అన్నాడు వాచీలాయన. నిజంగానే జాలిపడ్డాడు. జాలిపడుతూనే, ముందు చక్రం అంచుకు ఇంకా జిగురు మిగిలిందేమోనని వేలితో తడిమి చూశాడు.

ఆదివారం ఆరింటికి బస్టాండు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. మామగారూ నర్సమ్మా ముందే ఆటోలో కొండ మీదికి వెళ్ళారు. బస్టాండు గడియారం ఆరు కొట్టగానే బయలుదేరాలన్నది ఏర్పాటు. బావమరిది సైకిలు ఇనుపది, పాతది. దాని క్యారేజీ మీద దుప్పటిలో చుట్టిన గడియారం, దాని పక్కన పంపు, పనిముట్లు, బన్నుల సంచి ఉన్నాయి. బావ సైకిలును వంగి చూసి, ఎంత తగ్గించావని అడిగాడతను. వాచీలాయన అంకె చెప్పి, సీసా ఎత్తి గటగటా సగం నీళ్ళు తాగాడు.

"ఇప్పుడు తాగినవి మూడొందల గ్రాములు ఉండవా బావా?"

"నీళ్ళు కూర్చుంటాయిరా. చక్రాలు తిరుగుతాయి."

ఆరు కొట్టింది. మొదటి రెండు కిలోమీటర్లు ఆయన జన్మలో మరచిపోలేడు. సైకిలు తనంతట తానే పోతున్నట్టుంది. తీసేసిన ప్రతి గ్రామూ కాలికి తెలుస్తోంది. ఈ బిళ్ళ లేదు కాబట్టి ఈ మలుపు, ఆ మూత లేదు కాబట్టి ఆ ఎత్తు అనుకుంటూ ఎక్కాడు. మూడో మలుపులో వెనక్కి తిరిగి చూస్తే బావమరిది కనుచూపు మేరలో లేడు. సంతోషంతో పెడలు మీద గట్టిగా ఒక్క తొక్కు తొక్కాడు. ముందు చక్రంలోంచి బుస్సుమని శబ్దం వచ్చింది.

దిగి, చేత్తో తిప్పే నట్లు వదులుచేసి చక్రం ఊడదీసి, వేళ్ళతో టైరు లాగి చూశాడు. ఇరవై ఆరు గ్రాములు మిగిల్చిన టేపును చీల్చుకుని ఒక స్పోకు తల బయటికొచ్చి ట్యూబులో దిగింది. పంపు ఇంట్లో ఉంది. అతుకు ఇంట్లో ఉంది. పనిముట్ల సంచి ఇంట్లో, తలుపు వెనక, మేకుకు వేలాడుతూ ఉంది.

పావుగంటకు బావమరిది రొప్పుతూ వచ్చి ఆగాడు. మంచివాడు కాబట్టి పంపు ఇస్తానన్నాడు, అతుకు కూడా తానే వేస్తానన్నాడు. వాచీలాయన తల అడ్డంగా ఊపాడు. శత్రువు పంపుతో గాలి కొట్టుకుని గెలిచిన గడియారం గోడకు తగిలిస్తే, అది రోజూ తనవైపే చూస్తుందని ఆయన భయం. కనీసం బన్నైనా తినమని ఒకటి చేతిలో పెట్టి బావమరిది ముందుకు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. క్యారేజీ మీద దుప్పట్లోంచి గడియారం ఒక్క గంట కొట్టింది. అది ఆరున్నర గంట. అప్పటికి టైము ఆరూ ముప్పై ఏడు. వాచీలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే కింది నుంచి అంబులెన్సు వచ్చి ఆగింది. రాత్రంతా కంటిమీద కునుకు లేని డాక్టరమ్మ రిజిస్టరు చేత్తో పట్టుకుని దిగింది. ఇద్దరు పసిబిడ్డల్ని తీసుకుని ఎవరైనా ఇటు వెళ్ళారా అని అడిగింది. ఆయన చూడలేదన్నాడు. ఆవిడ పేజీ తెరిచి వేలు పెట్టి చదివింది.

"మొదటిది పద్నాలుగు వందల అరవై ఎనిమిది. రెండవది పద్దెనిమిది వందల పదిహేడు. చూస్తే తెలుస్తుంది, అంత చిన్నవి."

పది రోజులుగా ఈ అంకెల మీద ఎవరూ ఆసక్తి చూపించలేదు. భార్యకు చెప్పే వీల్లేదు, బావమరిదికి చెబితే నీళ్ళ లెక్క చెప్పాడు. అలాంటిది ముక్కూమొహం తెలియని పెద్దమనిషి నిన్నటి తూకంతో సహా అప్పజెబుతుంటే ఆయన ఛాతీ పొంగిపోయింది.

"అవి నావేనండి" అన్నాడు. "ఇంకో ముప్పై తగ్గాల్సింది. టైము చాల్లేదు."

డాక్టరమ్మ ముఖంలో రక్తం లేదు. ఆ ముఖం చూశాక గానీ ఆయన చూపు ఆవిడ చేతిలోని పుస్తకం మీద పడలేదు. అది ఏ పుస్తకమో, నిన్న సాయంత్రం భార్య వెతికిన కవలలు ఎవరో, రెండూ ఒక్కసారే తలకెక్కాయి. అమ్మా, పిల్లలు కారు, చక్రాలు అని తడబడుతూ చెప్పాడు. చెప్పి రోడ్డు పక్కన పడుకోబెట్టిన చక్రాన్ని చూపించాడు.

డాక్టరమ్మ చక్రాన్ని చూసింది, ఆయన్ని చూసింది. కందగడ్డలా ఎర్రబడ్డ ముఖం, ధారగా చెమట, ఒక చేతిలో బన్ను, చక్రాలకు బరువు తగ్గుతోందని మాటలు. చెయ్యి పట్టుకుని నాడి చూసింది. పరుగుపందెంలో గుర్రంలా కొట్టుకుంటోంది. ఆవిడ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. జ్వరమో మతిభ్రమో తరవాత తేల్చుకుందాం, ముందు బండెక్కి పడుకోమంది. డ్రైవరు వెనక తలుపు తెరిచాడు.

బండెక్కితే పందెం పోయినట్టే. ఇంకో ఏడాది పిండి. రోజుకు ఏడు నిమిషాల చొప్పున ఇంకో ఏడాది. వాచీలాయన బన్నును జేబులో కుక్కుకున్నాడు. చక్రాన్ని నాలుగు తిప్పుల్లో బిగించి, సైకిలును అమాంతం భుజానికెత్తుకుని కొండ పైకి పరుగు తీశాడు.

వెనక డాక్టరమ్మ కేకలు, ఆ వెనక ఇరుకు దారిలో ఆయన్ని దాటలేని అంబులెన్సు కూత. ఆయన ఆగలేదు. పరిగెడుతుండగా ఒక విషయం ఆయనకు స్పష్టంగా తెలిసింది. సైకిలు తేలిగ్గా ఉంది. నిజంగానే తేలిగ్గా ఉంది. పది రోజులు గీకినదీ పీకినదీ తుడిచినదీ అంతా ఇప్పుడు భుజం ఎముక మీద లేదు. ఎక్కి తొక్కినప్పుడు కాలికి తెలిసిన మూడు వందల పన్నెండు గ్రాములు, మోసినప్పుడు రూఢి అయ్యాయి.

పైన చివరి మలుపు అన్నిటికన్నా నిటారైనది. బావమరిది అక్కడ పళ్ళబిగువున ఒక్కొక్క పెడలూ తొక్కుతుండగా కింద కూత వినిపించింది. ఎవరి ప్రాణమో ఏమో, అంబులెన్సుకు దారివ్వకపోవడం అతని ఒంట్లో లేదు. సైకిలు దిగి అంచుకు ఒదిగి నిలబడ్డాడు. తీరా చూస్తే అంబులెన్సు కంటే ముందు బావ వస్తున్నాడు, సైకిలు మోసుకుంటూ.

"బావా, ఎవరికేమైంది?"

"కవలలకి" అన్నాడు వాచీలాయన, అబద్ధమాడే ఓపిక లేక. అని పరిగెత్తాడు.

నిన్న ఒక వీధంతా ఆ కవలల కోసం తిరిగిన బావమరిది అయ్యో అనుకుంటూ అలాగే నిలబడిపోయాడు. తేరుకుని సైకిలెక్కబోతే ఆ ఏటవాలులో అది కదిలితేగా. తొంభై కిలోల మనిషి, నాలుగున్నర కిలోల గడియారం. ఎక్కడం, జారడం, మళ్ళీ ఎక్కడం. చివరికి దిగి తోసుకుంటూ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి మామగారి ఈల ఎనిమిది సెకన్ల కిందటే మోగిపోయింది.

ఇది తొక్కడం ఎలా అవుతుందని బావమరిది అడిగాడు. మామగారు నోటుపుస్తకం తీసి, కళ్ళజోడు సర్దుకుని, తాను రాసిందే తాను రెండుసార్లు చదువుకున్నారు.

"మనిషీ సైకిలూ రెండూ పైకి చేరాలని రాశాను. ఎవరి మీద ఎవరు ఎక్కి రావాలో రాయలేదు. అల్లుడుగారిదే."

వాచీలాయన సంబరపడే లోపలే, బావమరిది వెనకే పాకుతూ వచ్చిన అంబులెన్సు ఆగింది. డాక్టరమ్మ దిగి, మీ రిజిస్టరు చివరి పేజీ చూడండని నర్సమ్మ ముందు పెట్టింది. నర్సమ్మ చూసింది. పద్దెనిమిదేళ్ళుగా కిరాణా చీటీల్లో చూస్తున్న చేతిరాత అది. ఆవిడ కేక వెయ్యలేదు. రిజిస్టరు మూసి, రెండు చేతులా గుండెకు ఆనించుకుని మొగుడివైపు చూసింది.

"నిన్న నలభై మూడు ఇళ్ళు తిరిగానండి."

గెలిచిన సంతోషమంతా ఆ ఒక్క మాటతో నీరుగారిపోయింది. ఆవిడ పాదాలు ఇంకా వాచే ఉన్నాయి. చెప్పుల పట్టీలు వదులు చేసుకుని నిలబడిందని ఆయన అప్పుడు గమనించాడు. తప్పైపోయిందని చెప్పాడు. అందరి ముందూ చెప్పాడు.

చక్రాల సంగతి పూర్తిగా విన్నాక డాక్టరమ్మ కాసేపు ట్యాంకువైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి గానీ, ఇటు తిరిగేసరికి ముఖం మామూలుగానే ఉంది. రిజిస్టరులో రాసినదాన్ని కొట్టేసే అధికారం తనకు లేదంది. ఎర్ర పెన్ను తీసి చివరి పేజీలో ‘ఇద్దరూ క్షేమం. బరువు తగ్గించడం తక్షణం ఆపాలి’ అని రాసి, కింద సంరక్షకుడన్నచోట వాచీలాయన చేత సంతకం పెట్టించింది.

మధ్యాహ్నం గడియారం ఇంటికొచ్చింది. నర్సమ్మ బల్లవైపు వీపు పెట్టి, కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆయన బల్ల మీద తెల్లకాగితం పరిచి, గడియారం విప్పి, సన్నటి కుంచెతో ఒక్కొక్క చక్రమూ దులపసాగాడు. పళ్ళ సందుల్లోంచి ఏడాది పిండి రాలుతోంది. వెలుతురు చాలక తల అటూ ఇటూ వంచుతుంటే, కాసేపటికి వెనకనుంచి టార్చిలైటు వెలుగు పడింది. ఆయన తిరిగి చూడలేదు. చూస్తే ఆవిడ వెళ్ళిపోతుందేమోనని.

దులపడం అయ్యాక పిండిని కాగితంలో పోగుచేసి, చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి, ఇదే చివరిసారి, కాటా ఇస్తావా అని అడిగాడు. నర్సమ్మ ఏ కళనుందో తెచ్చి ముందు పెట్టింది. అంకె స్థిరపడేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ముప్పై ఐదు.

"వచ్చే ఏడాదికి గడియారం అప్పుడే ముప్పై ఐదు గ్రాములు తగ్గింది" అన్నాడు వాచీలాయన, కళ్ళు మెరుస్తుండగా.

నర్సమ్మ లేచి కాటాను ఒక బీరువాలో, రిజిస్టరును ఇంకో బీరువాలో పెట్టి, రెండింటికీ తాళాలు వేసింది.